ఒక్క గడి తెలిస్తే చాలు

మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ప్రాజెక్టు పట్టుకుని వచ్చింది. తిరుపతి బస్టాండులో వందమందిని అడిగిందట: మీది టౌనా పల్లెనా, ఇప్పుడు తాగింది కాఫీనా టీనా అని. ఆమె అంకెలు పక్కనపెట్టి, నోటిలెక్కకు వీలుగా నేనే కొన్ని వేశాను. టౌనువాళ్లు 60 మంది: కాఫీ 36, టీ 24. పల్లెవాళ్లు 40 మంది: కాఫీ 14, టీ 26.

"పల్లెవాళ్లకు టీయే ఇష్టమని రాసేయొచ్చా సార్?"

రెండు విషయాలకు నిజంగా సంబంధం ఉందా, లేక కాకతాళీయమా అని చూసే కై స్క్వేర్ పరీక్ష వెనకనుంచి వస్తుంది. ఊరికీ కప్పుకీ సంబంధమే లేదనుకుందాం, అప్పుడు ఎంతమంది ఉండాలి? వందలో కాఫీవాళ్లు 50, అంటే సగం. కాబట్టి 60లో 30, 40లో 20 ఉండాలి. నాలుగు గళ్లలోనూ తేడా ఆరే. ఆరుని వర్గం చేసి, ఉండాల్సిన సంఖ్యతో భాగిస్తే 1.2, 1.2, 1.8, 1.8. మొత్తం 6.

ఆరంటే ఎక్కువా? నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే. 1900లో ఈ పరీక్షను తెచ్చిన గణాంకవేత్త కార్ల్ పియర్సన్ పద్ధతిలో నాలుగు గళ్లకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం, అంటే మన ఇష్టానికి నింపగల గళ్లు, మూడు. అప్పుడు 5 శాతం హద్దు, అంటే సంబంధం లేకపోయినా వందలో ఐదుసార్లే కాకతాళీయంగా దాటే గీత, 7.81. మన ఆరు దాన్ని దాటదు. 1922లో మరో గణాంకవేత్త ఫిషర్ వచ్చి మూడు కాదు, ఒకటేనన్నాడు. అప్పుడు హద్దు 3.84. ఆరు దాటేసింది!

ఎవరిది రైటు? గళ్లన్నీ చెరిపించి, అంచుల్లో 60, 40, 50, 50 మాత్రం ఉంచాను. "మొదటి గడిలో నీ ఇష్టమొచ్చింది వెయ్యి" అన్నాను. 40 వేసింది. పక్కగడి 20 కాక ఇంకేమవుతుంది? కింద 10, మూలన 30. పెన్ను ఒక్కసారే స్వేచ్ఛగా కదిలింది, మిగతా మూడూ వాటంతటవే పడ్డాయి. ఫిషర్ చెప్పింది అదే. పెద్ద పట్టికకైతే వరసల్లో ఒకటి తగ్గించి, నిలువు వరసల్లో ఒకటి తగ్గించి హెచ్చవేయాలి.

ఇంతా చెబితే రిపోర్టులో శాతాలు వేసుకొచ్చింది: 60, 40, 35, 65. ఆరు కాస్తా పన్నెండున్నర అయింది! అడిగింది వందమందినైతే, లెక్కలో రెండువందల మంది చేరారు మరి. ఇక్కడ తలలే లెక్కపెట్టాలి.

అన్నట్టు, మూలా నక్షత్రం కోడలు మామగారికి గండమనేవాళ్లు ఇంకా ఉన్నారు. 27 నక్షత్రాలనూ విడివిడిగా పరీక్షిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా సగటున ఒక నక్షత్రమైనా 5 శాతం హద్దు దాటుతుంది. దాన్ని పట్టుకుని సంబంధం తప్పిస్తే ఆ పిల్లదేం పాపం?

చివరికి అడిగాను: "పల్లెవాళ్లను ఎక్కడ అడిగావమ్మా?"

"పల్లెబస్సులు ఆగే దగ్గర సార్. అక్కడ టీకొట్టు ఒక్కటే ఉంది."