కరుగుతున్న పునాదుల ఖర్చు

మన వైపు ఇల్లు కట్టేవారు గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వుతారు. అలాస్కాలో, సైబీరియాలో చాలాచోట్ల ఆ గట్టిదనం మంచు ఇచ్చినదే. వరుసగా రెండేళ్లకు తక్కువ కాకుండా గడ్డకట్టి ఉన్న నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. మట్టి రేణువులను అక్కడి మంచు సిమెంటులా పట్టి ఉంచుతుంది. రాతి నేలలో అది కరిగినా పెద్ద నష్టం లేదు. మంచు దిమ్మెలు నిండిన ఒండ్రులో కరిగితే మాత్రం నేల బురదవుతుంది, ఒక మూల ఎక్కువగా, మరో మూల తక్కువగా కుంగుతుంది. గోడలు పగిలేది, తలుపులు బిగుసుకుపోయేది, నీటి గొట్టాలు విరిగేది ఆ తేడా వల్లనే.

చిత్రమేమిటంటే, లోపలివాళ్లు చలి కాచుకునే వెచ్చదనమే కింది మంచును కరిగిస్తుంది. అందుకే సైబీరియాలోని యాకుత్స్క్ నగరంలో పెద్ద భవనాలను స్తంభాల మీద లేపి, కింద చల్లగాలి తిరిగేలా ఖాళీ వదులుతారు.

అయితే అన్నిటికీ కరిగే నేలనే నిందించడం సులువు. 2020 మే నెలలో రష్యాలోని నోరిల్స్క్ దగ్గర ఇంధన ట్యాంకు కుంగి సుమారు 21 వేల టన్నుల డీజిల్ ఒలికింది. కంపెనీ పెర్మాఫ్రాస్ట్ వైపు వేలు చూపింది. ప్రభుత్వ విచారణ డిజైను, నిర్మాణ లోపాలను పట్టుకుంది. జరిమానా మాత్రం దాదాపు 14,600 కోట్ల రూబుళ్లు.

అలాస్కాలో ప్రభుత్వ ఆస్తులకు వాతావరణ మార్పు తెచ్చే నష్టాన్ని 2017లో ఒక పరిశోధన బృందం లెక్కగట్టింది. ఉద్గారాలు ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి 550 కోట్ల డాలర్లు. ఏడు లక్షల పైచిలుకు జనాభాకు పంచితే తలా ఏడున్నర వేల డాలర్లు! అందులో పెద్ద వాటా వరదలకు దెబ్బతినే రోడ్లది, దాని తర్వాతది కరిగే నేల మీది భవనాలది. ముందే జాగ్రత్తపడితే మొత్తం 290 కోట్లకు దిగుతుందట. కానీ ఇంకా పగలని గోడకు నిధులు మంజూరు చేయించడం ఎంత కష్టమో ఏ ఇంజినీరును అడిగినా చెబుతాడు.

ముందు జాగ్రత్తకు పాత ఉదాహరణ అలాస్కాలోనే ఉంది. 1977లో పూర్తయిన 1,287 కిలోమీటర్ల చమురు పైపులైనులో సగానికి పైగా నేల మీద స్తంభాలపై సాగుతుంది, ఎందుకంటే లోపలి చమురు వేడిగా ఉంటుంది. చాలా స్తంభాలలో అమ్మోనియా నింపిన గొట్టాలున్నాయి. చలికాలంలో అమ్మోనియా కింది నేల వేడికి ఆవిరై పైకెక్కి, చల్లగాలికి ద్రవమై మళ్లీ దిగుతుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. గాలి నేలకన్నా చల్లగా ఉంటే చాలు. వేసవిలో ఆ గొట్టాలు ఊరకే నిలబడి ఉంటాయి. వాటిని పాతిన రోజుల్లో ఆ చలికి వెల కట్టాల్సిన పని లేదు. 2021 నాటికి ఒక వాలు మీద నేల జారి కొన్ని స్తంభాలు ఒరిగాయి. అక్కడి నేలను మళ్లీ గడ్డకట్టించడానికి సుమారు నూరు కొత్త గొట్టాలకు అనుమతి ఇచ్చారు.