నిర్బంధ టీకా వివాదానికి రెండు శతాబ్దాల నేపథ్యం

కోవిడ్ టీకాలు అందుబాటులోకి వచ్చిన 2021లో చాలా దేశాల్లో ఒకే తీరు వాదన చెలరేగింది. నా శరీరంలోకి ఏది వెళ్లాలో నిర్ణయించుకునే హక్కు నాదేనని కొందరు, మహమ్మారి వేళ ఒకరి నిర్ణయం ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తుందని మరికొందరు పట్టుబట్టారు. ఈ తగవు కోవిడ్‌తోనే పుట్టిందని చాలామంది అనుకున్నారు గానీ, టీకా చట్టాలు ఎంత పాతవో ఇదీ అంతే పాతది. టీకాను ప్రజలు ఎదిరించిన సందర్భాలను వరసగా చూస్తే, సూది మీద ఉన్న భయం ఎంతో, దాన్ని పట్టుకుని వచ్చిన అధికారం తమతో వ్యవహరించిన తీరు మీద ఆగ్రహమూ అంతే ఉన్నట్టు తెలుస్తుంది.

ఎడ్వర్డ్ జెన్నర్ 1796 మే 14న ఎనిమిదేళ్ల బాలుడికి గోమశూచి పొక్కు నుంచి తీసిన ద్రవంతో టీకా వేసి, మశూచిని అడ్డుకునే దారి చూపించాడు. ఆ తరవాత పదకొండేళ్లకే, 1807లో, ఇప్పటి జర్మనీలో ఉన్న బవేరియా టీకాను తప్పనిసరి చేసింది. 1816లో స్వీడన్ అదే పని చేసింది. బ్రిటన్ మాత్రం మొదట 1840లో పేదలకు ఉచితంగా టీకా వేసే ఏర్పాటుతో సరిపెట్టి, 1853లో గానీ నిర్బంధానికి దిగలేదు. పుట్టిన మూడు నెలల్లోగా బిడ్డకు టీకా వేయించని తల్లిదండ్రులకు ఒక పౌండు వరకు జరిమానా పడేది.

ఆ చట్టం పేదల ఇళ్లలో ఎలా అమలైందో కొంచెం దగ్గరగా చూడాలి. అప్పట్లో టీకా మందు సీసాల్లో వచ్చేది కాదు. టీకా వేసిన ఎనిమిదో రోజున తల్లి బిడ్డను ఎత్తుకుని మళ్లీ కేంద్రానికి వెళితే, టీకా వేసేవాడు ఆ పసిచేతి మీద లేచిన పొక్కును చిన్న కత్తితో చీల్చి, అందులోని ద్రవాన్ని తీసి, వరసలో ఉన్న తరవాతి పిల్లల చేతులకు ఎక్కించేవాడు. ఒక చేతి నుంచి మరో చేతికి సాగిన ఈ పద్ధతిలో సిఫిలిస్ వంటి రోగాలు కూడా అంటుకున్న ఉదంతాలున్నాయి. అయినా, తన బిడ్డ చేతి నుంచి ద్రవం తీయనివ్వని తల్లికీ 1871 చట్టం జరిమానా పెట్టింది. డబ్బున్నవాళ్లు సొంత వైద్యుణ్ణి ఇంటికే పిలిపించుకునేవారు. లేనివాళ్లు ఆ వరసలో నిలబడేవారు. 1867 చట్టం వచ్చాక తిరస్కరించిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ జరిమానా పడే పరిస్థితి ఏర్పడింది. కట్టలేనివారి ఇంటి సామాను వేలం వేశారు, కొందరిని జైలుకూ పంపారు. దీన్ని ప్రజారోగ్యం కోసం తప్పనిసరైన కాఠిన్యమని కొట్టిపారేయడం నాకు న్యాయమనిపించదు. అదే సమయంలో, 1871, 1872 సంవత్సరాల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో మశూచి 40,000 మందికి పైగా ప్రాణాలు తీసిందన్న సంగతినీ మరవకూడదు. ప్రభుత్వం తొందరపాటుకు కారణం లేకపోలేదు.

1885 మార్చిలో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో వేలాది మంది ఊరేగింపుగా కదిలి చట్టాన్ని నిరసించారు. ఆ నగరం టీకాను కాదని ఊరుకోలేదు. రోగం సోకిన వెంటనే అధికారులకు తెలియజేయడం, రోగిని ఆసుపత్రిలో వేరుగా ఉంచడం, అతనితో కలిసి మెలిగినవారిని గమనిస్తూ ఉండడం అనే మార్గాన్ని అక్కడివారు పట్టుకున్నారు. 1889లో ఏర్పడిన రాయల్ కమిషన్ ఏడేళ్లు విచారణ జరిపి, టీకా రక్షణ ఇస్తుందని నిర్ధారిస్తూనే, మళ్లీ మళ్లీ శిక్షించడం మానాలని చెప్పింది. 1898 చట్టం అంతరాత్మ అంగీకరించని తల్లిదండ్రులకు మినహాయింపు ఇచ్చింది. చేతి నుంచి చేతికి ఎక్కించే పద్ధతి స్థానంలో దూడల నుంచి సేకరించి శుద్ధి చేసిన మందు వాడుకలోకి వచ్చింది. ఈ రెండు మార్పులూ ఒకేసారి రావడం గమనించదగ్గది: రాజ్యం పట్టు సడలించింది, టీకానూ మెరుగుపరిచింది.

బ్రెజిల్‌లో కథ ఇంకా ఘోరంగా నడిచింది. 1904లో రియో డి జెనీరోను సుందర నగరంగా మార్చే పేరుతో పేదల ఇళ్లు కూలుతున్న రోజుల్లోనే, ప్రజారోగ్య శాఖ అధిపతి ఓస్వాల్డో క్రూజ్ ప్రోద్బలంతో నిర్బంధ టీకా చట్టం వచ్చింది. నవంబరులో జనం వీధుల్లోకి వచ్చి ట్రాములు బోల్తా కొట్టారు. సుమారు 30 మంది చనిపోయారు, వందలాది మందిని మారుమూల ఆక్రె ప్రాంతానికి తరలించారు. ప్రభుత్వం నిర్బంధాన్ని వెనక్కి తీసుకుంది. నాలుగేళ్లకు మశూచి మళ్లీ విరుచుకుపడి అదే నగరంలో వేల ప్రాణాలు తీసింది.

న్యాయస్థానాల్లో ఈ ప్రశ్నకు పునాది వేసిన తీర్పు 1905 నాటి అమెరికా సుప్రీంకోర్టుది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో 1902లో మశూచి వ్యాపించినప్పుడు పాస్టర్ హెన్నింగ్ జాకబ్‌సన్, చిన్నతనంలో వేసిన టీకా తనను తీవ్రంగా బాధించిందని చెప్పి, టీకాకూ ఐదు డాలర్ల జరిమానాకూ ఒప్పుకోలేదు. సమాజాన్ని ప్రమాదం నుంచి కాపాడేందుకు వ్యక్తి స్వేచ్ఛకు సహేతుకమైన హద్దులు పెట్టవచ్చని ఏడుగురు న్యాయమూర్తులు తేల్చారు, ఇద్దరు విభేదించారు. టీకా వల్ల ఆరోగ్యం దెబ్బతినే వ్యక్తిని బలవంతపెట్టడం క్రూరమవుతుందని కూడా ఆ తీర్పే చెప్పింది. ఇక్కడ శిక్ష జరిమానాయే తప్ప, మనిషిని పట్టుకుని సూది గుచ్చడం కాదు. ఈ జాగ్రత్తలు తరవాత మరుగున పడ్డాయి. 1927లో అదే కోర్టు, టీకాను తప్పనిసరి చేసే సూత్రం మానసిక లోపం ఉందని ముద్ర వేసిన మహిళలకు బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయడానికి కూడా చాలునని ప్రకటించింది. ప్రజాహితం అనే మాటకు హద్దు గీయకపోతే అది ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్నా భయంకరమైన ఉదాహరణ నాకు కనబడదు.

మశూచి అంతమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980 మేలో ప్రకటించింది. మానవజాతి సాధించిన గొప్ప విజయాల్లో అది ఒకటి. అయితే దక్షిణాసియాలో చివరి దశలో వద్దన్నవారి ఇళ్లలోకి చొరబడి బలవంతంగా టీకా వేసిన సందర్భాలు కూడా ఆ విజయంలో భాగమే.

టీకా వల్ల నష్టపోయినవారి సంగతి చాలా ఆలస్యంగా చట్టాల్లోకి ఎక్కింది. 1955లో అమెరికాలో సరిగా తయారుకాని పోలియో టీకా వల్ల పిల్లలకు పోలియోయే సోకింది. 1976లో స్వైన్‌ఫ్లూ టీకా సుమారు నాలుగున్నర కోట్ల మందికి వేశాక, గిలాన్ బారీ సిండ్రోమ్ అనే నరాల వ్యాధి బయటపడడంతో కార్యక్రమాన్ని ఆపేశారు. భయపడిన మహమ్మారి మాత్రం రానేలేదు. జర్మనీ 1961లో, బ్రిటన్ 1979లో, అమెరికా 1986లో పరిహార వ్యవస్థలు తెచ్చుకున్నాయి. అందరి మేలు కోసం ఒకరు నష్టపోతే ఆ భారం అందరూ పంచుకోవాలన్న ఆలోచన నిర్బంధంతో పాటే రావలసింది, శతాబ్దం ఆలస్యంగా వచ్చింది.

కోవిడ్ సమయంలో ఒక కొత్త చిక్కు వచ్చింది. ఇతరులకు హాని జరగకుండా ఆపుతుందన్నదే టీకాను తప్పనిసరి చేయడానికి ప్రధాన ఆధారం. తొలి నెలల్లో టీకా వైరస్ వ్యాప్తిని గణనీయంగా తగ్గించింది. 2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చాక తీవ్ర అనారోగ్యం నుంచి, మరణం నుంచి రక్షణ నిలిచింది గానీ, వ్యాప్తిని అడ్డుకునే శక్తి బాగా తగ్గింది. ఆస్ట్రియా 2022 ఫిబ్రవరిలో పెద్దలందరికీ టీకా తప్పనిసరి చేసి, మార్చిలోనే నిలిపివేసి, కొద్ది నెలలకే రద్దు చేసుకుంది. అమెరికా సుప్రీంకోర్టు 2022 జనవరి 13న పెద్ద సంస్థల ఉద్యోగుల మీద పెట్టిన నిబంధనను ఆపి, ఆరోగ్య సిబ్బంది మీద పెట్టినదాన్ని మాత్రం కొనసాగనిచ్చింది. ఆ తేడా నాకు సబబుగానే తోస్తుంది. కీమోథెరపీలో ఉన్నవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి టీకా వేసినా తగిన రక్షణ రాకపోవచ్చు. వారు ఆసుపత్రికి రాకుండా ఉండలేరు, తమకు సేవ చేసే నర్సును ఎంచుకోలేరు. స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు వారి స్వేచ్ఛనూ లెక్కలోకి తీసుకోవాలి.

భారత సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పు, జీవించే హక్కుకూ వ్యక్తి స్వేచ్ఛకూ హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని స్పష్టం చేసింది. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టవచ్చని, అవి అవసరానికి తగ్గట్టు ఉండాలని చెబుతూ, టీకా వేసుకోనివారే ఎక్కువగా వ్యాధిని వ్యాపింపజేస్తారనే ఆధారాలను ప్రభుత్వాలు చూపలేదు కాబట్టి, అప్పటి పరిస్థితిలో బహిరంగ ప్రదేశాల్లోకి వారిని రానివ్వకపోవడం తగదని అభిప్రాయపడింది. టీకా తరవాత కలిగిన దుష్ప్రభావాలను ప్రజలు, ప్రైవేటు వైద్యులు నేరుగా నమోదు చేసే వీలు కల్పించాలని, వ్యక్తుల గోప్యతకు భంగం కలగకుండా ఆ నివేదికలను అందరికీ అందుబాటులో ఉంచాలని కేంద్రాన్ని ఆదేశించింది.