ఫ్రెంచ్ అకాడమిక్ చిత్రాన్ని వేలం వేయడం: అపోహలు - వాస్తవాలు

పందొమ్మిదో శతాబ్దపు యూరోపియన్ చిత్రాలను పరిశీలించి వేలం పట్టికలలో వాటి వివరాలు రాయడం నా వృత్తి. వాటిలో పారిస్ సలోన్ (ఆనాటి పెద్ద కళా ప్రదర్శన) కాలంనాటి అకాడమిక్ చిత్రాలు, అంటే ఫ్రెంచ్ కళా అకాడమీ పద్ధతిలో వేసిన దైనందిన జీవిత దృశ్యాలు, తరచుగా వస్తుంటాయి: గొర్రెలు కాసే పిల్ల, బావి దగ్గర కుండతో నిలబడ్డ అమ్మాయి, కోతల నుంచి ఇంటికి మళ్ళిన కూలీలు. విలియం బూగెరో (1825-1905), జూల్ బ్రెటన్ (1827-1906) ఈ కోవలో ప్రసిద్ధులు. ఇటువంటి చిత్రాన్ని అమ్మదలచినవారి నమ్మకాలలో కొన్ని వారికే నష్టం తెస్తున్నాయి.

అపోహ: సంతకం ఉంటే అది అసలు చిత్రమే, దానికి మరో ప్రతి ఉండదు.

వాస్తవం: సలోన్‌లో పేరు పొందిన చిత్రానికి గిరాకీ వస్తే, చిత్రకారుడే దానికి చిన్న ప్రతులు వేసి అమ్మడం ఆనాడు తప్పుగా ఎంచని వ్యాపారం. చిత్రకారుడు వాన్‌గో యువకుడిగా ఉద్యోగం చేసిన గూపిల్ అనే చిత్రాల వ్యాపార సంస్థ ఇటువంటి చిత్రాల ముద్రణలను దేశదేశాలకు పంపింది. వాటికి రంగులద్ది, వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రమని భ్రమపడేవారు ఇప్పటికీ ఉన్నారు. అందుకే మేము ముందుగా చిత్రాన్ని తిప్పి వెనుక వైపు చూస్తాం. కాన్వాసు అమ్మిన దుకాణపు ముద్ర, చెక్క చట్రం మీది అంకె, సగం ఊడిన కాగితపు చీటీ, ఇవన్నీ సాక్ష్యాలే. 1846 నుంచి 1919 వరకు గూపిల్, దాని వారసులు రాసుకున్న 15 సరుకు పుస్తకాలు లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థలో ఉన్నాయి. చట్రం మీది అంకె వాటిలో దొరికితే చిత్రం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుస్తుంది. అందువల్ల ఆ పాత చీటీని పీకి పారేయకండి.

అపోహ: అమ్మే ముందు శుభ్రం చేయిస్తే ధర పెరుగుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ నమ్మకమే. అకాడమిక్ చిత్రకారులు కుంచె జాడ కనిపించకుండా, పలుచని రంగు పొరలను ఒకదానిపై ఒకటి పరచి చర్మపు నునుపును సాధించారు. పసుపెక్కిన వార్నిష్‌ను తొలగించే ద్రావకం తెలియని చేతుల్లో పడితే పైనున్న ఆ పొరలను కూడా తీసుకుపోతుంది, పోయిన దానిని తిరిగి తెచ్చే మార్గం లేదు. అతినీలలోహిత కాంతిలో పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, దానిపై తరువాత వేసిన రంగు నల్లని మచ్చలుగా కనిపిస్తుంది; అనుభవమున్న కొనుగోలుదారు చేతిలోనూ ఆ దీపం ఉంటుంది. దుమ్ముతో ఉన్నా ఎవరూ ముట్టుకోని చిత్రమంటేనే వర్తకులు ఇష్టపడతారు, ఎందుకంటే శుభ్రపరచిన తరువాత వచ్చే లాభం తమదవుతుందని వారి ఆశ.

అపోహ: అంచనా ధర ఎక్కువగా వేయిస్తే పాట అక్కడి నుంచే పైకి వెళ్తుంది.

వాస్తవం: మన ఊళ్ళలో చెరువు వేలానికి సర్కారు పాట ముందే చాటుతారు. చిత్రాల వేలంలో కనీస ధర (అంతకు తక్కువైతే అమ్మరు) రహస్యం, సాధారణంగా అది అంచనాలోని కింది అంకెను దాటకూడదు. అంచనా భారమైతే పాట మొదలే కాదు. బూగెరో 1884లో పూర్తిచేసిన ‘బాకస్ యౌవనం’ (ఇది దైనందిన దృశ్యం కాదు, ఆరు మీటర్ల వెడల్పున్న పౌరాణిక చిత్రం) 2019లో న్యూయార్క్ వేలంలో రెండున్నర కోట్ల నుంచి మూడున్నర కోట్ల డాలర్ల అంచనాతో నిలిచి, అమ్ముడుపోలేదు. ఫలితాలు అందరికీ కనిపించే ఈ కాలంలో, ఒకసారి మిగిలిపోయిన చిత్రాన్ని కొనేవారు చాలాకాలం అనుమానంగానే చూస్తారు.

అపోహ: సుత్తి పడిన ధర (చివరి పాటకు సుత్తి కొట్టి ఖాయం చేసిన ధర) మొత్తం అమ్మినవారికి చేరుతుంది.

వాస్తవం: పత్రికల్లో వచ్చే ధరలో తరచుగా కొనుగోలుదారు చెల్లించే అదనపు రుసుము కలిసి ఉంటుంది, అది వేలం సంస్థది. సుత్తి ధర నుంచి కూడా మీ కమీషను, బీమా, రవాణా, ఛాయాచిత్రాల ఖర్చు తీసివేస్తారు. కమీషను విషయంలో బేరమాడవచ్చు, ఒప్పందంపై సంతకం చేయక ముందే.

అపోహ: ఫ్రెంచ్ చిత్రానికి పారిస్‌లోనే మంచి ధర పలుకుతుంది.

వాస్తవం: ఈ చిత్రాలను మొదటి నుంచీ ఎగబడి కొన్నవారిలో అమెరికా సంపన్నులు ముందున్నారు, బ్రెటన్ పల్లె బాలికల చిత్రం ఒకటి 1886లోనే న్యూయార్క్ వేలంలో 45,500 డాలర్లు పలికింది. పైగా ఫ్రాన్స్‌లో ఉన్న చిత్రం విలువ 3 లక్షల యూరోలు దాటితే దేశం దాటించడానికి ప్రభుత్వ ధ్రువపత్రం కావాలి, అక్కడి బహిరంగ వేలంలో చివరి పాట ధరకే దానిని తీసుకునే హక్కు కూడా ప్రభుత్వానికి ఉంది.