కెంజిగురు గొడుగు

వసంతం రాగానే ఏటా వచ్చే ప్రశ్న ఇది: "పెరట్లో మామిడి కొత్త ఆకులన్నీ రాగిరంగులో వేలాడుతున్నాయండీ, తెగులా? మందేమైనా కొట్టాలా?" ఈసారి అడిగినావిడ గులాబీ కొమ్మ ఫొటో కూడా పంపారు. కొసన నాలుగైదు ఆకులు ముదురు ఎరుపులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. వాటి కింద ఆకులు మామూలు పచ్చ. తెగులు కాదు, ఏమీ కొట్టకండి. ముదురాకులు ఎర్రబడితే వేరే సంగతి. భాస్వరం తక్కువైనా అలా ఊదారంగు తిరుగుతాయి. కొస చిగురు ఎర్రగా ఉండటం మాత్రం చెట్టు ఆరోగ్యమే.

ఈ ఎర్ర చిగురుకి తెలుగులో విడిగా ఒక పేరే ఉంది: కెంజిగురు. ఆ మాట పుట్టించినవాళ్లు చెట్టును ఎంత దగ్గరగా చూశారో! బడిలో మాత్రం "పత్రహరితం వల్ల ఆకు పచ్చగా ఉంటుంది" అని చెప్పి పాఠం ముగించేస్తాం. మరి ఇది ఎందుకు ఎర్రగా ఉందని పిల్లలు అడిగితే, ఆ ప్రశ్న దగ్గరే అసలు పాఠం మొదలుపెట్టాలి.

ఎరుపుకి కారణం ఆంథోసయనిన్ అనే వర్ణకం. పత్రహరితం హరితరేణువుల లోపలి పొరల్లో అతుక్కుని ఉంటుంది, నీళ్లకు లొంగదు. ఆంథోసయనిన్ అలా కాదు, కణం మధ్యలో ఉండే నీటితిత్తిలో కరిగి ఉంటుంది. ఈ తేడా కంటితో చూడొచ్చు. ఆకుల రంగు కోసం కుండీల్లో పెంచే కోలియస్ మొక్క ఎర్రటి ఆకును చన్నీళ్లలో వేస్తే ఏమీ కాదు. మరిగే నీళ్లలో కాసేపు ఉంచండి. వేడికి పొరలు దెబ్బతిని ఎరుపంతా నీళ్లలోకి దిగిపోతుంది, చేతిలో పచ్చటి ఆకు మిగులుతుంది! ఎరుపు చాటున పచ్చదనం మొదట్నుంచీ ఉందన్నమాట. ఆ రంగునీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఎరుపు ఇంకా తేటపడుతుంది.

ఈ చాటు ఎందుకు? లేత ఆకులో పత్రహరితం ఇంకా తయారవుతూ ఉంటుంది. అది పట్టిన శక్తితో చక్కెర చేయడానికి కావలసిన సరంజామా, ముఖ్యంగా రూబిస్కో అనే ఎంజైము, ఇంకా చాలినంత లేదు. ఎండ మాత్రం ఆగదు. కాంతి పడ్డకొద్దీ పత్రహరితం ఎలక్ట్రాన్లను ముందుకు తోస్తూనే ఉంటుంది. అవతల అందుకునే పని సాగకపోతే అవి ఆక్సిజన్‌కు చిక్కుతాయి. అలా పుట్టిన సూపర్ ఆక్సైడ్ లాంటి దూకుడు ఆక్సిజన్ రూపాలు లేత పొరల్నీ, ప్రొటీన్లనూ పాడుచేస్తాయి. ఆకుకి అన్నం పెట్టాల్సిన కాంతే ఆకును కాల్చేస్తుంది. అందుకే గొడుగు.

ఈ గొడుగు కాంతినంతా ఆపదు. ఆంథోసయనిన్ పీల్చేది ముఖ్యంగా 500 నుంచి 550 నానోమీటర్ల కాంతిని, అంటే ఆకుపచ్చ కాంతిని. ఇక్కడ తెలివైన విద్యార్థి చెయ్యెత్తుతాడు: పత్రహరితం పట్టేది 430, 660 దగ్గర ఉండే నీలం, ఎరుపు కాంతులను కదా, ఆకుపచ్చను ఆపితే ఏం లాభం? లాభం ఉంది. ఆకు లోపల కాంతి కణం నుంచి కణానికి చెదురుతూ తిరుగుతుంది. ఒక్కసారిలో పట్టుబడని ఆకుపచ్చ కాంతి పదే పదే తగిలి చివరికి చాలావరకు ఆకులోనే ఇంకిపోతుంది. పైగా నీలం, ఎరుపు పైపొరల్లోనే ఆగిపోతే, లోతుకు చేరేది ఇదే. దీన్ని దారిలో అడ్డుకుంటే లోపలి హరితరేణువుల మీద భారం తగ్గుతుంది.

మామిడి దీనికి ఇంకో ఉపాయం కలిపింది. లేత ఆకులు వాడినట్టు కిందికి వేలాడతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ వాటి మీద సూటిగా పడదు, పక్కనుంచి జారిపోతుంది. నీళ్లు చాలలేదనుకుని బకెట్లు గుమ్మరించకండి. ఆకు గట్టిపడ్డాక తనే పైకి లేస్తుంది, ఎరుపు విరిగి పచ్చబడుతుంది.

పురుగుల నుంచి తప్పించుకోవడానికి కూడా ఈ ఎరుపు అనే వాదన ఉంది. చాలా కీటకాలకు ఎరుపు సరిగా కనబడదు, చిగురు వాటికి నల్లగా, ఎండినట్టు తోస్తుందంటారు. రెండూ నిజమై ఉండొచ్చు, కానీ నాకు ఎండ లెక్కే బలంగా కనిపిస్తుంది. కోలియస్‌ను బాగా నీడలో పెట్టి చూడండి, చాలా రకాల్లో ఆ తర్వాత వచ్చే ఆకుల్లో ఎరుపు వెలిసిపోతుంది. ఎండ లేనిచోట గొడుగు పని లేదు.

క్రోటన్ దగ్గరికి వచ్చేసరికి వరస మారిపోతుంది. చాలా క్రోటన్లలో కొత్త ఆకు పచ్చగానో పసుపుగానో పుట్టి, ముదిరేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ నారింజకీ ఎరుపుకీ తిరుగుతుంది. తరతరాలుగా రంగు కోసమే మనుషులు ఏరి పెంచిన మొక్క అది. ఉదయపు ఎండ ఆకుల వెనక నుంచి పడేవేళ కొస నుంచి కిందికి చూస్తూ రండి: పసుపు, నారింజ, ఎరుపు, మామిడి కొమ్మను తలకిందులు చేసి పట్టుకున్నట్టు.