చెవికి ఇంగ్లీషు నేర్పే మామూలు మనుషుల కథలు

ఉద్దానం ఊళ్ల నుంచి వెల్డింగ్ పనికి విదేశాలు వెళ్లే కుర్రాళ్లదీ, విజయనగరంలో నర్సింగ్ చదివి, విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి తయారయ్యే అమ్మాయిలదీ ఒకటే బాధ: "చదివితే అర్థమవుతాది గానీ, వాళ్లు మాట్లాడితే ఒక్క ముక్క అందదు." ఆ పరీక్షలో విని జవాబు రాసే లిజనింగ్‌కి 40 ప్రశ్నలుంటాయి, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. టెన్షన్‌లో ఒక వాక్యం జారిందంటే దాని వెనకే ఇంకోటీ పోతుంది.

వాళ్ల తెలివికేం తక్కువ లేదు. చెవికి సాధన చాలలేదు, అంతే. ఇంగ్లీషు మాటల్లో ఒత్తి పలికే చోటు గట్టిగా వినిపిస్తుంది, చుట్టూ ఉన్న చిన్న పదాలు నలిగిపోతాయి. 'వాట్ డిడ్ యూ డూ' అన్నది 'వడిజ డూ' అయిపోతుంది. మనమూ తక్కువేం కాదు. 'ఎక్కడికి వెళ్తున్నావు' అని పుస్తకంలో నేర్చుకున్న మనిషికి శ్రీకాకుళం బస్టాండులో 'ఎక్కడికెల్తన్నావు' అని వినిపిస్తే తికమక తప్పదు.

ఈ తికమక మన ప్రాంతానికి పాతదే. 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత దూరమెందుకని అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. గిడుగు అంతకుముందే సవర అనే గిరిజన భాషను సవరల నోట విని నేర్చుకున్నారు. 1931లో దాని వ్యాకరణం అచ్చయింది. నా దృష్టిలో ఇంగ్లీషు వినికిడికీ ఆ దారే సరైనది: మామూలు మనుషులు తమ కథలు చెబుతుంటే వినడం.

అయితే వార్తలు, పాఠాలు వింటే చాలదా? అవి రాసుకుని చదివేవి. అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1960లలో న్యూయార్క్ జనంతో మాట్లాడుతూ, ఎప్పుడైనా చావు దగ్గరదాకా వెళ్లొచ్చారా అని అడిగేవాడు. మామూలుగా టేప్ రికార్డరు ముందు ఆచితూచి మాట్లాడే మనిషి, ఆ సంగతి చెప్పేటప్పుడు జాగ్రత్త మర్చిపోయి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. 1967లో లబోవ్, జాషువా వాలెట్స్కీ ఇలాంటి కథలకు ఒక అల్లిక ఉందని చూపించారు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది ముందు, ఏం జరిగిందన్నది తర్వాత, ఎలా ముగిసిందన్నది చివర. వినేవాడికి ఇది పెద్ద ఆసరా. నాలుగు మాటలు పోయినా, తర్వాత ఏమొస్తుందో ఊహించి కథను మళ్లీ అందుకోవచ్చు. పాఠంలో ఒక నిర్వచనం పోతే ఆ వీలుండదు.

మధ్యలో వచ్చే 'అ...' అనే నసుగుడు కూడా పనికొస్తుంది. జీన్ ఫాక్స్ ట్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, 'అ' తర్వాత వచ్చిన మాటను శ్రోతలు మరింత త్వరగా గుర్తుపట్టారు. ఆ చిన్న ఆగుడు చెవిని సిద్ధం చేస్తుందన్నమాట. శుభ్రం చేసిన పాఠాల ఆడియోలో ఇదే మాయమవుతుంది. ఇక గొంతులు మారడం కూడా ముఖ్యమే. ఇంగ్లీషు ర, ల శబ్దాల తేడా పట్టలేని జపానీయులకు పలువురి గొంతులతో తర్ఫీదిస్తే ఫలితం ఉంటుందని 1991లోనే తేలింది.

ఇలాంటి కథలకు కొదవ లేదు. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఒక చిన్న గదితో మొదలైన స్టోరీకోర్ అనే సంస్థ, ఇద్దరు మామూలు మనుషులను కూర్చోబెట్టి 40 నిమిషాలు మాట్లాడుకోమంటుంది. వాటిలోంచి తీసిన చిన్న ముక్కలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

రెండు మూడు నిమిషాల కథ చాలు. మొదటిసారి ఆ మాటల రాత ప్రతి చూడకుండా విని, ఏం జరిగిందో పక్కవాళ్లకు తెలుగులో చెప్పండి. తప్పు చెప్పినా ఫర్వాలేదు. రెండోసారి వినండి. ఆ తర్వాతే రాత తెరిచి, తెలిసిన మాటే అయినా చెవికి అందని చోట్లు గీత గీసుకోండి. అసలు పని అక్కడే ఉంది. ఆ ముక్కనే ఆపి, వెనక్కి తిప్పి, అదే వేగంతో పలకండి. మొదటి కథ మాత్రం తెలిసిన లోకంలోంచే ఎంచుకోండి: భావనపాడు కుర్రాడు జాలరి కథ, నర్సింగ్ అమ్మాయి ఆసుపత్రి కథ. అది పట్టుబడ్డాక అదే పని గురించి వేరే యాసలో చెప్పిన మనిషిని వెతకండి.