పొపాయ్‌ను ప్రింటు వేస్తే అడిగేవాళ్లున్నారా?

2025 జనవరి 1న అమెరికాలో పొపాయ్ తొలి రూపానికి కాపీరైట్ గడువు తీరింది. 1929 జనవరిలో ‘థింబుల్ థియేటర్’ అనే న్యూస్‌పేపర్ కామిక్ స్ట్రిప్‌లో (వరస బొమ్మల కథలో) ఇ.సి. సెగార్ మొదటిసారి గీసిన నావికుడు అతను. అక్కడ ఆ కాలపు ప్రచురణలకు 95 ఏళ్ల గడువు. పాత కామిక్ బొమ్మలను చేత్తో స్క్రీన్‌ప్రింట్లు (మెష్ తెర గుండా ఇంకు దింపి వేసే ముద్రలు) తీసి అమ్ముకునే ఆర్టిస్టులకు ఇది మంచి వార్తే. కానీ ట్రేడ్‌మార్క్‌కు, అంటే సరుకు మీద వాడే పేరు, గుర్తులపై హక్కుకు, అలాంటి గడువు లేదు, వాడకంలో ఉన్నంతకాలం నడుస్తుంది. తర్వాతి ఏళ్ల స్ట్రిప్పుల్లో కొత్తగా చేరిన అంశాల లెక్క మళ్లీ వేరు. అంటే బొమ్మ ఎవరిదన్న గొడవ ఇంకా పూర్తిగా తేలలేదు.

ఆ గొడవ కామిక్ స్ట్రిప్‌తో పాటే పుట్టింది. పులిట్జర్ నడిపిన ‘న్యూయార్క్ వరల్డ్’లో రిచర్డ్ అవుట్‌కాల్ట్ గీసిన గుండు పిల్లాడు, పసుపు చొక్కా పుణ్యమా అని ‘యెల్లో కిడ్’గా పేరు తెచ్చుకున్నాడు. 1896లో పోటీ పత్రిక యజమాని హర్స్ట్ ఆ ఆర్టిస్టును తన ‘జర్నల్’కు లాగేసుకున్నాడు. ‘వరల్డ్’ ఊరుకుందా? జార్జ్ లక్స్ అనే ఇంకో ఆర్టిస్టు చేత అదే పిల్లాణ్ని గీయించింది. కొన్నాళ్లు ఒకే ఊళ్లో, రెండు పత్రికల్లో ఒకే పిల్లాడు! తర్వాత అవుట్‌కాల్ట్ ‘హెరాల్డ్’ అనే మరో పత్రిక కోసం బస్టర్ బ్రౌన్ అనే పిల్లాడి పాత్రను సృష్టించి, మళ్లీ హర్స్ట్ దగ్గరకే వెళ్లాడు. ఈసారి కోర్టుకెక్కారు. బస్టర్ బ్రౌన్ అన్న పేరు ‘హెరాల్డ్’దేనని, ఆ పేరు పెట్టకుండా బొమ్మ మాత్రం అవుట్‌కాల్ట్ గీసుకోవచ్చని తేలింది. గీసినవాడికి సగమే దక్కిందన్నమాట.

స్క్రీన్‌ప్రింటింగ్ దారి వేరు. 1907లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ పట్టు మెష్‌తో ముద్రించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. చాలాకాలం అది షాపుల బోర్డులకు, పోస్టర్లకు పనికొచ్చే విద్యగానే మిగిలింది. 1930ల్లో నిరుద్యోగ ఆర్టిస్టులకు అమెరికా ప్రభుత్వం పని కల్పించినప్పుడు, న్యూయార్క్‌లో ఆంథనీ వెలోనిస్ దీన్ని ఆర్టిస్టుల చేతికి అందించాడు.

కామిక్‌లనూ స్క్రీన్‌ప్రింటింగ్‌నూ కలిపింది పాప్ ఆర్ట్ (రోజువారీ సరుకులు, కామిక్‌ల బొమ్మలతో చేసే కళ) పెయింటర్ ఆండీ వార్హోల్ అని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1961లో డిక్ ట్రేసీ, నాన్సీ, పొపాయ్ అనే కామిక్ పాత్రలను ఆయన కుంచెతోనే వేశాడు. మరో పాప్ ఆర్టిస్టు రాయ్ లిక్టెన్‌స్టైన్ అప్పటికే కామిక్ బొమ్మలు వేస్తున్నాడని ఒక గ్యాలరీలో చూసి, ఆ దారి వదిలేశాడు. వార్హోల్ సిల్క్‌స్క్రీన్ (స్క్రీన్‌ప్రింటింగ్‌కే ఇంకో పేరు) పట్టుకున్నది 1962లో. లిక్టెన్‌స్టైన్ వాడిన కామిక్ బుక్ ఫ్రేములను అసలు గీసినవాళ్ల పేర్లు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. పాప్ ఆర్ట్ మిగిల్చిన అప్పుల్లో ఇదే పెద్దదని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు, రంగులది. అమెరికా లైబ్రరీలు పాత పేపర్లను మైక్రోఫిల్మ్ (పేజీలను బాగా చిన్న ఫొటోలుగా దాచే ఫిల్మ్) తీసి, అసలు కాగితాలను వదిలించుకున్నాయి. ఆ ఫిల్మ్ నలుపు తెలుపు. ఆదివారం పేజీల పసుపు, ఎరుపు, నీలం చుక్కలు అందులో ఎక్కడ కనిపిస్తాయి? బిల్ బ్లాక్‌బియర్డ్ అనే ఆయన 1960ల చివర్లో ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, ఆ పేపర్లను తన ఇంట్లోనే పోగేశాడు. 1998 ప్రాంతంలో అవి ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చేరినప్పుడు బరువు దాదాపు 75 టన్నులు.

అలా మిగిలిన పేజీలే ఇప్పుడు ప్రింట్‌మేకర్లకు ఆధారం. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ చేసి, స్క్వీజీతో (రబ్బరు అంచు ఉన్న పరికరంతో) ఇంకు లాగుతారు. పేపర్ ప్రెస్‌లో హడావుడి వల్ల రంగు గీత దాటి పక్కకు జరిగేది. ఇప్పుడు కొందరు ఆ జరుగుడును కావాలనే ఉంచుతున్నారు. నాకైతే అది కొంచెం నటనలా అనిపిస్తుంది, కానీ కొనేవాళ్లకు నచ్చుతోంది.

ఏ బొమ్మ ఎంచుకోవాలన్నది మాత్రం తేదీలు చూసుకోవాల్సిన పని. నాన్సీ మొదట కనిపించింది 1933లో. కాపీరైట్‌ను సకాలంలో రెన్యూ చేసి ఉంటే, ఆ తొలి స్ట్రిప్పుల కోసం 2029 జనవరి దాకా ఆగాలి.