నిద్రలో వచ్చే ఫిట్స్: ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట

ఫిట్స్ ఉన్న మనిషిని చెరువు దగ్గరికి, పొయ్యి దగ్గరికి ఒంటరిగా పంపకూడదని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అందరికీ తెలుసు. నిద్రలోనూ ప్రాణం పోవచ్చన్న సంగతి మాత్రం చాలా ఇళ్లలో మనిషి పోయాకే తెలుస్తుంది. భయపెట్టడం ఎందుకని ముందు ఎవరూ చెప్పరు. చెప్పి తీరాలి.

వైద్యులు దీన్ని సుడెప్ (SUDEP) అంటారు, మూర్ఛ ఉన్న మనిషి వేరే కారణమేదీ కనపడకుండా హఠాత్తుగా పోవడం అన్నమాట. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు 1000 మందిలో ఒకరు, పిల్లల్లో 4500 మందిలో ఒకరు ఇలా పోతారు. పోస్టుమార్టంలో వేరే కారణం కనపడదు. దాంతో గుండెపోటనో గాలి సోకిందనో అనేసుకుంటారు.

చాలాసార్లు జరిగేది ఇది. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్ ఆగాక మెదడు మొద్దుబారుతుంది, ఊపిరి మందగించి ఆగుతుంది, ఆ వెనకే గుండె ఆగుతుంది. ఆసుపత్రిలో వీడియో, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) నడుస్తుండగా పోయినవాళ్ల రికార్డులపై 2013లో వెలువడిన అధ్యయనంలో ఈ వరసే కనిపించింది. బోర్లా పడి ముక్కు తలగడలో కూరుకుపోతే తల తిప్పుకునే స్పృహ కూడా ఉండదు. పక్కన ఇంకొకరు పడుకుంటే మేలనేది అందుకే.

ఏడాదికి మూడు, అంతకుమించి పెద్ద ఫిట్లు వచ్చేవాళ్లకు ముప్పు సుమారు 15 రెట్లు. అంటే ఫిట్లను ఆపడమే అసలు రక్షణ, అది మాత్రల చేతిలో ఉంది. మాత్ర తప్పేది ఎక్కువగా వలసలో. చెన్నైకో హైదరాబాదుకో పనికెళ్లేటప్పుడు తిరిగొచ్చేదాకా సరిపడా మాత్రలు, డాక్టరు చీటీ సంచిలో ఉండాలి. ఒక పూట మరిస్తే ఏం చేయాలో ముందే డాక్టర్ని అడిగి ఆ చీటీ మీదే రాయించుకోండి, సొంతంగా రెండు కలిపి మింగొద్దు. పైడితల్లమ్మ జాతరకెళ్లినా తొలేళ్ల రాత్రంతా మేలుకోవద్దు, నిద్ర చెడితే ఫిట్ వస్తుంది. పెళ్లప్పుడు జబ్బు దాచిన అమ్మాయి అత్తారింట్లో మాత్రలూ దాచుకోవాల్సి వస్తుంది, పూటలు తప్పేది అక్కడే. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పెళ్లికి ఒక అడ్డంకిగా ఉండేది, 1999లో దాన్ని తీసేశారు, ఆ భయంతో దాచాల్సిన పని లేదు.

ఫిట్ వచ్చినప్పుడు గడియారం చూడండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా, నీళ్లు వద్దు. కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటి నురగ తుడిచి, పేరు పెట్టి పిలుస్తూ రొమ్ము లేస్తోందో లేదో చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఫోన్ చేస్తూనే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. పూర్తిగా తెలివొచ్చేదాకా వదిలి వెళ్లొద్దు.

ఇన్ని చేసినా కొందరు పోతారు. అదే గదిలో పడుకున్న తల్లికి కూడా చప్పుడు వినపడకపోవచ్చు, అది ఆమె తప్పు కాదు. ఆ మాట డాక్టరు నోట ఆమె వినడం చాలా అవసరం, కర్మకాండలు అయ్యాకైనా వెళ్లి మాట్లాడండి. పోస్టుమార్టం నివేదిక తీసుకెళ్లండి. తోబుట్టువులకు ఈసీజీ తీయించాలా అని కూడా అడగండి. వంశంలో వచ్చే కొన్ని గుండె లయ దోషాలు పైకి ఫిట్స్‌లాగే కనిపిస్తాయి, వాటికి వైద్యం వేరు.